చీరల దుమ్ము మీద పడ్డ నింద: ఒక ఎలర్జిక్ రైనైటిస్ కేసు

ఎలర్జిక్ రైనైటిస్, అంటే ఎలర్జీ వల్ల ముక్కు లోపలి పొర వాచే జబ్బుతో నా దగ్గరికి వచ్చిన ఒకామె కేసు ఇది. ఇది రాయడానికి ఆమె దగ్గర అనుమతి తీసుకున్నాను. ఎవరో గుర్తుపట్టకుండా ఊరు, వయసు, ఇంటి సంగతులు కొన్ని మార్చాను. రోగం నడిచిన తీరు, మందులు, పరీక్షల్లో వచ్చింది, మొదటి నెలలో నేను చేసిన పొరపాటు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాను.

నేను గోదావరి జిల్లాల్లో ఒక పట్నంలో ఈఎన్‌టీ వైద్యుణ్ణి. రోజూ ఓపీలో తుమ్ములు, ముక్కు దిబ్బడ అంటూ వచ్చేవాళ్ళే ఎక్కువ. ఒక్కొక్కరికీ ఐదారు నిమిషాలు దొరుకుతాయి. ఆ ఐదారు నిమిషాల్లో రోగం పేరు సరిగ్గానే పట్టుకుని కూడా మనిషికి నయం చేయలేకపోవడం ఎలా జరుగుతుందో ఈ కేసులో నాకు తెలిసొచ్చింది.

వచ్చేనాటికి పరిస్థితి

ఆమెకి ముప్ఫై ఆరేళ్ళు. చీరల షాపులో తొమ్మిదేళ్ళుగా సేల్స్‌లో పని. భర్తకి ఆటో. ఇద్దరు పిల్లలు. ఆరేళ్ళుగా తుమ్ములు, నీళ్ళలా కారే ముక్కు, రాత్రిళ్ళు దిబ్బడ, కళ్ళ దురద. వచ్చేటప్పుడే పెద్ద కవరు నిండా కాగితాలు తెచ్చింది. అందులో సీటీ స్కాన్ ఉంది: ముక్కు దూలం (రెండు రంధ్రాల మధ్య గోడ) వంకర, ఆపరేషన్ చేయించుకోమని సలహా. రక్తపరీక్ష ఉంది: మొత్తం ఐజీఈ (ఎలర్జీలో పెరిగే యాంటీబాడీ) చాలా ఎక్కువ, దాంతోపాటు మూడు పేజీల ఆహార పట్టీ. వంకాయ, గోంగూర, పెరుగు, వేరుశనగ, గుడ్డు పక్కన గుర్తులు పెట్టి ఉన్నాయి. రెండేళ్ళుగా ఆమె అవేవీ ముట్టడం లేదు.

ఆ కాగితాలన్నీ బల్ల మీద పెట్టి ఆమె అడిగింది వేరే.

"గుడ్డల దుమ్ము పడట్లేదు, ఉద్యోగం మానెయ్యమన్నారండి. మానేస్తే తగ్గుతుందంటారా?"

ఆ షాపు జీతం మీద ఇద్దరు పిల్లల స్కూలు ఫీజులు నడుస్తున్నాయి. సరిగ్గా చూడకుండా ఈ ప్రశ్నకి జవాబు చెప్పకూడదని అప్పుడే అనుకున్నాను. ఆరేళ్ళ తుమ్ముల కంటే ఆ ఒక్క మాటే ఆమెని ఎక్కువ టెన్షన్ పెడుతోంది.

గడియారం అడిగి తెలుసుకున్నవి

ఎలర్జీలో ఏ పరీక్షకైనా ముందు టైము అడగాలి. మొదటి తుమ్ము ఎప్పుడు వస్తుందని అడిగాను.

"లేవగానే అండి. పక్క దులిపి దుప్పటి మడతపెడుతుంటే ముంచుకొచ్చేస్తాయి. పదిహేను, ఇరవై."

"షాపుకి వెళ్ళాక?"

"పది, పదకొండుకి సర్దుకుంటదండి. మళ్ళీ రాత్రి పడుకున్నాక దిబ్బడ."

ఆషాఢం సేల్ రోజుల్లో, శ్రావణ మాసం ముందు షాపులో కొత్త బేళ్ళు విప్పుతారు. ఆ నెలల్లో ఎక్కువవుతుందా అంటే ప్రత్యేకంగా ఏమీ లేదంది. వారంలో బాగా ఇబ్బంది పెట్టే రోజు ఆదివారం. ఆదివారం షాపు లేదు, ఆ రోజు ఇల్లు దులుపుతుంది. చీరల దుమ్మే కారణమైతే సెలవు రోజున తెరిపి ఉండాలి కదా. ఇక్కడ దానికి సరిగ్గా ఎదురుగా ఉంది.

ఇంకో మాట చెప్పింది. కిందటి వేసవిలో అనంతపురంలో చెల్లెలి ఇంట్లో పది రోజులు ఉందట. "అక్కడ ఒక్క తుమ్ము లేదండి. మా ఊరి నీళ్ళే పడట్లేదేమో." అక్కడ ఎక్కడ పడుకున్నావమ్మా అని అడిగితే, డాబా మీద నవారు మంచం వేసుకుని అని చెప్పింది. తన ఇంట్లో మాత్రం పెళ్ళినాడు పుట్టింటివాళ్ళు పెట్టిన బూరుగు దూది పరుపు. గదికి ఒకే కిటికీ, అదీ దోమలకని మూసే ఉంటుంది. వానాకాలం గోడకి చెమ్మ.

మన వాడుకలో డస్ట్ ఎలర్జీ అనే మాట చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. దుమ్ము అనగానే రోడ్డు దుమ్ము, షాపు దుమ్ము గుర్తొస్తాయి. ఆమె కూడా ఆటోలో మాస్కు పెట్టుకుని వెళ్ళేది. నిజానికి ఈ పేరుతో మనం పిలిచే జబ్బులో ఎక్కువ భాగం దుమ్ము పురుగుల వల్ల వస్తుంది. కంటికి కనిపించనంత చిన్నవి, మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతాయి. ఎలర్జీ తెచ్చేది ముఖ్యంగా వాటి మలంలోని ప్రోటీన్లు. నీళ్ళు తాగవు, గాలిలోని చెమ్మనే పీల్చుకుంటాయి. అందుకే గాలిలో తేమ 50 శాతం కంటే తగ్గితే అవి నిలబడలేవు. కోస్తాలో మూసి ఉన్న గది, పాత దూది పరుపు వాటికి ఎంత అనుకూలమో, ఎండాకాలం అనంతపురంలో నవారు మంచం అంత ప్రతికూలం. అయితే ఇది అప్పటికి ఊహే. అనంతపురంలో చోటు మారింది, గాలి మారింది, పక్క మారింది, పనీ లేదు. అందులో ఏది మేలు చేసిందో ఆ ఒక్క సంగతితో తేల్చలేం.

ప్రమాద సూచనలు వరసగా అడిగాను. ఒకవైపే దిబ్బడ, ఒకవైపు నుంచే రక్తం లేదా చీము, వాసన పూర్తిగా పోవడం, చూపులో తేడా, ఇవేవీ లేవు. ఆయాసం, రాత్రి దగ్గు, పిల్లికూతలు ఉన్నాయేమో అడిగాను. ముక్కూ ఊపిరితిత్తులూ ఒకే దారి కనుక రైనైటిస్ ఉన్నవాళ్ళందరినీ ఉబ్బసం గురించి అడగాల్సిందే. గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల పనితీరు చూసే స్పైరోమెట్రీ చేయించాను, మామూలుగా ఉంది.

ముక్కులో చూస్తే దూలం కాస్త కుడికి వంగిన మాట నిజమే. కానీ ఆమె దిబ్బడ ఒకసారి కుడి, ఒకసారి ఎడమ. ఏ పక్కకి తిరిగి పడుకుంటే ఆ పక్క మూసుకుంటుంది. వంకర దూలం పూటకోవైపు వంగదు. అటూ ఇటూ మారే దిబ్బడ లోపలి కండల వాపుది. కండలంటే ముక్కు లోపల పక్క గోడల నుంచి పొడుచుకొచ్చి ఉండే మెత్తటి భాగాలు, టర్బినేట్లు. పైగా దూలం సరిచేస్తే తుమ్ములూ కంటి దురదా పోవు. అందుకని ఆపరేషన్ సంగతి పక్కన పెట్టాను.

వారంలో ఏడు రోజులూ, నెలల తరబడి, నిద్ర చెడగొడుతూ ఉంది కాబట్టి ఎలర్జిక్ రైనైటిస్‌కి అంతర్జాతీయంగా వాడే ఏరియా (ARIA) వర్గీకరణ ప్రకారం ఇది దీర్ఘకాలికం, మధ్యస్థం నుంచి తీవ్రం. సున్నా నుంచి పది వరకు గీసిన గీత మీద ఎంత బాధ ఉందో చుక్క పెట్టమంటే ఎనిమిది దగ్గర పెట్టింది.

మొదటి నెల: ఫలితం లేదు

ఇలాంటి కేసుకి ముందుగా ఇవ్వాల్సింది ముక్కులో కొట్టే స్టిరాయిడ్ స్ప్రే. బిళ్ల తుమ్ములకీ దురదకీ పనిచేస్తుంది కానీ దిబ్బడని అంతగా తీయదు. ఫ్లూటికాసోన్ రోజూ ఒక్కో రంధ్రంలో రెండేసి సార్లు, నిద్రమత్తు తక్కువగా ఉండే ఫెక్సోఫెనడిన్ బిళ్ల రాశాను. నెల తర్వాత రమ్మన్నాను. చీటీ తప్పేమీ కాదు. ఈ రోజు రాసినా అదే రాస్తాను.

నెల తర్వాత చుక్క ఏడు దగ్గర పెట్టింది.

అక్కడ నా ముందు మూడు దారులు. ఎజెలాస్టిన్ అనే ఎలర్జీ మందు కూడా కలిసిన స్ప్రేకి మార్చడం మొదటిది. మాంటెలుకాస్ట్ అనే బిళ్ల చేర్చడం రెండోది. దీనివల్ల నిద్ర, మానసిక సమస్యలు వచ్చే అవకాశం ఉందని 2020 మార్చిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ గట్టి హెచ్చరిక పెట్టినప్పటి నుంచి, ఒక్క రైనైటిస్ కోసమైతే దాని జోలికి పోవడం నేను బాగా తగ్గించాను. మూడోది, మందులకి లొంగలేదు కనుక కండలు తగ్గించే ఆపరేషన్. అప్పటికే మొదటి దారికి పెన్ను తీశాను కూడా.

నన్ను ఆపింది ముక్కు లోపలి రంగు. ఎలర్జీ ముక్కులో కండలు సాధారణంగా పాలిపోయి, కొంచెం నీలంగా, నీరుపట్టినట్టు ఉంటాయి. ఆమెవి ఎర్రగా కందిపోయి ఉన్నాయి. మొదటిసారీ అలాగే ఉన్నాయని నా నోట్సులో నా చేతిరాతే చెబుతోంది. రాసుకున్నాను, కానీ ఎందుకని ఆగి అడగలేదు. ఇంకో కొత్త సంగతి, దూలం మీద ముందు భాగంలో చిన్న గీరుడు, ఎండిన రక్తం.

"ఇంట్లో ముక్కుకి సంబంధించి ఏమేం ఉన్నాయో అన్నీ సంచీలో వేసుకుని రేపు రామ్మా. మందు కాదనుకున్నవి కూడా" అన్నాను.

సంచీలో ఏమున్నాయి

మర్నాడు సంచీ బల్ల మీద బోర్లించింది. నేను రాసిన స్ప్రే. మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే జలుబు బిళ్లలు. ఆవిరికి వేసుకునే గొట్టాలు. ఇంకా జైలోమెటజోలిన్ చుక్కల సీసాలు మూడు, ఒకటి సగం వాడింది, రెండు ఖాళీ.

"ఇవి ఎన్నాళ్ళుగా వేసుకుంటున్నావు?"

"పడుకునేముందే అండి. మధ్యలో మెలకువొస్తే ఒకసారి. నాలుగేళ్ళ నుంచి. మందులు కాదు కదండి, చుక్కలే కదా."

మొదటిరోజు ఏమేం మందులు వాడుతున్నావని నేను అడిగాను, బిళ్లల పేర్లు చెప్పింది. ఆమె అబద్ధం చెప్పలేదు. ఆమె లెక్కలో చుక్కలు మందు కాదు. అడగడంలోనే లోపం ఉంది. ఇప్పుడు ముక్కులో ఏం వేసుకుంటున్నావు అని విడిగా అడుగుతున్నాను.

ఈ చుక్కలు కండల్లోని రక్తనాళాలని నిమిషాల్లో ముడుచుకునేలా చేస్తాయి, గాలి ఆడుతుంది. వారం దాటి వాడితే నాళాలు ఆ మందుకి అలవాటు పడతాయి. మందు ప్రభావం తగ్గగానే మునుపటికంటే ఎక్కువగా ఉబ్బుతాయి. ఉబ్బిందని మళ్ళీ చుక్కలు, చుక్కలు వేశారని మళ్ళీ ఉబ్బు. దీన్ని రైనైటిస్ మెడికమెంటోసా అంటారు. ఆమె ముక్కులో రెండు జబ్బులు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. నేను ఒకదానికే మందు రాశాను.

తర్వాత స్ప్రే సీసా చేతిలోకి తీసుకున్నాను. రోజుకి నాలుగు చొప్పున నెలకి నూట ఇరవై, సీసాలో ఉండేవి అన్నే. నెల గడిచింది కనుక ఖాళీ అయిపోయి ఉండాలి. కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుంటే సగం పైన మందు కదులుతోంది. "దిబ్బడ వేసినప్పుడే కొట్టుకున్నానండి, ఊరికే స్టిరాయిడ్ ఎందుకని." మెడికల్ షాపులో ఎవరో ఇది స్టిరాయిడ్ అని చెప్పారట.

నా ముందు ఒకసారి కొట్టుకోమన్నాను. తల పూర్తిగా వెనక్కి వాల్చింది. కుడిచేత్తో కుడి రంధ్రంలో నిటారుగా దూర్చి, మధ్య దూలానికి ఆనించి నొక్కింది. వెంటనే గట్టిగా ఎగపీల్చి, ముఖం చిట్లించి గుటక వేసింది. సీసా కుదపలేదు. దూలం మీద గీరుడు ఎందుకొచ్చిందో అప్పుడు అర్థమైంది. కొట్టిన కాస్త మందూ దూలం మీదకీ గొంతులోకీ పోతోంది, వాచిన కండలకి అందేది చాలా తక్కువ.

అంటే ఆ నెలలో స్ప్రే విఫలమైందని అనడానికి లేదు. అది ఆమె ముక్కుకి అందనే లేదు. పెన్ను తీసినప్పుడు నేను ఒక కొత్త మందు చేర్చి ఉంటే, అది కూడా అలాగే గొంతులోకి పోయేది. ఆ తర్వాత ఆపరేషన్ మాట వచ్చేది.

మళ్ళీ మొదటి నుంచి

నేర్పడానికి పదిహేను నిమిషాలు పట్టింది. ఖాళీ స్ప్రే సీసాలో నీళ్ళు పోసి ఓపీలో ఉంచుకుంటున్నాను, దాంతోనే. ముక్కు మెల్లగా చీదాలి. సీసా కుదపాలి. తల కొంచెం ముందుకి వంచాలి, నేల చూస్తున్నట్టు. కుడిచేత్తో ఎడమ రంధ్రం, ఎడమచేత్తో కుడి రంధ్రం. అలా చేతులు మారిస్తే కొస దానంతటదే దూలానికి దూరంగా, అదే వైపు కంటి బయటి కొస దిక్కుగా తిరుగుతుంది. నొక్కాక మామూలుగా ఊపిరి తీసుకోవాలి, ఎగపీల్చకూడదు. చేదు గొంతులోకి దిగితే గట్టిగా పీల్చినట్టు లెక్క.

స్టిరాయిడ్ భయాన్ని కొట్టిపారేయలేదు. ఆమె భయపడటానికి కారణం ఉంది. మూడేళ్ళుగా చలికాలంలో ఒక ఆర్‌ఎంపీ దగ్గర ఎలర్జీ సూది వేయించుకునేది, వేస్తే రెండు మూడు నెలలు హాయిగా ఉండేదట. అది దీర్ఘకాలం పనిచేసే స్టిరాయిడ్ అయి ఉంటుందని నా అంచనా. అలాంటి సూది మందు ఒళ్ళంతా తిరుగుతుంది, షుగర్ పెంచగలదు, ఎముకల మీదా పడుతుంది. స్ప్రేలో ఒక్కసారికి వచ్చేది 50 మైక్రోగ్రాములు, రోజుకి 200. అందులోనూ రక్తంలోకి చేరేది రెండు శాతం లోపే. పేరు ఒకటే అయినా రెండూ ఒకటి కాదని చెప్పాను. ఇంకోటి, ఇది దిబ్బడ వేసినప్పుడు కొట్టుకునేది కాదు, రోజూ కొడితే పూర్తి గుణం కనిపించడానికి రెండు వారాల వరకు పడుతుంది.

చుక్కలు మాన్పించడం కష్టమైన పని. చాలామంది దీనికి వారం రోజులు స్టిరాయిడ్ బిళ్లలు ఇస్తారు, నేనూ ఇస్తాను. ఈమెకి మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 6.2, సరిహద్దులో ఉంది, పైగా సూదుల చరిత్ర. అందుకని బిళ్లలు వద్దనుకుని ఒక్కో రంధ్రం చొప్పున మాన్పించాను. ముందు ఎడమ రంధ్రంలో చుక్కలు పూర్తిగా బంద్, కుడివైపు రాత్రి మాత్రమే. స్ప్రే రెండింట్లోనూ. ఒక రంధ్రం తెరిచి ఉంటే మనిషికి ఊపిరాడుతుంది, పంతం నిలబడుతుంది. కాచి చల్లార్చిన నీళ్ళలో ఉప్పు కలిపి రోజుకి రెండుసార్లు ముక్కు కడుక్కోమన్నాను. కుళాయి నీళ్ళు, బావి నీళ్ళు ముక్కులోకి నేరుగా వద్దని గట్టిగా చెప్పాను. అరుదే అయినా మెదడుకి పాకే అమీబా ప్రమాదం ఉంది.

నాలుగో రోజు ఫోన్ చేసింది. ఎడమవైపు రాయిలా మూసుకుపోయింది, రాత్రంతా కూర్చునే ఉన్నానంది. ఇలా అవుతుందని ముందే చెప్పి ఉండకపోతే ఆ రాత్రే చుక్కలు వేసుకునేది. తొమ్మిదో రోజున ఎడమవైపు దానంతటదే తెరుచుకుంది. తర్వాత కుడివైపు మాన్పిస్తే వారం పట్టింది.

పరీక్ష ఎందుకు చేశాను

ఎలర్జీ తెచ్చే పదార్థాల చుక్కలు చర్మం మీద పెట్టి, పొడిచి, దద్దురు లేస్తుందేమో చూసే స్కిన్ టెస్ట్ అందరికీ చేయను. కథ స్పష్టంగా ఉండి, మందుకి తగ్గుతుంటే దాంతో చికిత్స మారేది ఏమీ ఉండదు. ఇక్కడ మాత్రం ఒక ఉద్యోగం, రెండేళ్ళుగా మానేసిన తిండి ఆ జవాబు మీద ఆధారపడి ఉన్నాయి.

మొదటి ప్రయత్నం చెడిపోయింది. ముంజేతి మీద వరసగా చుక్కలు పెట్టి పొడిచాం. పావుగంట తర్వాత ఎక్కడా ఏమీ లేవలేదు. హిస్టమిన్ చుక్క దగ్గర కూడా లేవలేదు. హిస్టమిన్ అంటే ఎలర్జీలో ఒంట్లో విడుదలయ్యే రసాయనం, పరీక్ష పనిచేస్తోందో లేదో చూడటానికే పెడతాం; దానికి ఎవరికైనా దద్దురు రావాలి. అక్కడే రాలేదంటే మిగతా చోట్ల రాకపోవడానికి అర్థం లేదు. అడిగితే, నేను ఆపమన్న బిళ్ల ఆపింది కానీ రెండు రోజుల కిందట పడిశం పట్టినట్టుంటే జలుబు బిళ్ల వేసుకుందట. అందులోనూ ఎలర్జీ మందే ఉంటుంది, అది దద్దురుని లేవనివ్వదు. హిస్టమిన్ చుక్క పెట్టకుండా చేసే పరీక్ష అయితే, ఎలర్జీయే లేదని కాగితం చేతిలో పెట్టి పంపేవాళ్ళం.

పది రోజులు ఏ బిళ్లా లేకుండా ఉంచి మళ్ళీ చేశాం. ఉప్పునీటి చుక్క దగ్గర ఏమీ లేదు, హిస్టమిన్ దగ్గర 5 మిల్లీమీటర్ల దద్దురు. రెండు రకాల దుమ్ము పురుగులకి 8, 6. బొద్దింకకి 3. వయ్యారిభామ పుప్పొడికి, దూదికి, ఆహారాల్లో పెట్టిన నాలుగింటికి ఏమీ లేదు. పొద్దున పక్క దులిపేటప్పుడు తుమ్ములు, ఆదివారం ఎక్కువ, అనంతపురంలో తెరిపి అన్న కథకి ఇది అతికినట్టు సరిపోయింది. కథతో కలవకపోతే దద్దురు ఎంత పెద్దదైనా దాన్ని జబ్బు అనను.

ఉద్యోగం మానక్కర్లేదని చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇక తిండి. మొత్తం ఐజీఈ ఎలర్జీ లేకపోయినా కడుపులో నులిపురుగులు ఉంటే పెరుగుతుంది. ఆ మూడు పేజీల పట్టీలోని గుర్తులు ఒళ్ళు ఆ పదార్థాన్ని గుర్తుపడుతోందని చెప్పగలవేమో గాని, తింటే జబ్బు వస్తుందని చెప్పవు. ఆహార ఎలర్జీ అయితే తిన్న కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల్లోపు దద్దుర్లు, పెదాల వాపు, వాంతులు, ఆయాసం లాంటివి వస్తాయి. అవేవీ లేకుండా పొద్దున్నే తుమ్ములు మాత్రమే రావడం ఆహారం పని కాదు. వంకాయ, పెరుగు తిన్నప్పుడు ఎప్పుడైనా ఏమైనా అయిందా అంటే, ఎన్నడూ కాలేదంది. పట్టీ చూసి మానేసింది, అంతే. ఆ మధ్యాహ్నమే పెరుగన్నం తిన్నానని మర్నాడు నర్సుకి చెప్పి వెళ్ళింది.

పరుపు

దీని దగ్గర ఆమె మొండికేసింది. అది వాళ్ళమ్మ బూరుగు కాయలు కొట్టించి, దూది తీయించి కుట్టించిన పరుపు. వాళ్ళమ్మ ఇప్పుడు లేరు.

దుమ్ము పురుగులని ఆపే కవరు ఒక్కటి తొడిగితే రైనైటిస్ తగ్గదని మంచి పరిశోధనలే చెప్పాయి. అందుకని కవరు కొనమని బలవంతం చేయలేదు. పరుపు పడక గదిలోంచి తీసేసి, నవారు మంచం మీద పల్చటి బొంత వేసుకోమన్నాను. బొంత, దుప్పటి, దిండు గలీబులు వారానికోసారి మరిగేంత వేడి నీళ్ళలో నానబెట్టి ఉతకాలి. 60 డిగ్రీలు దాటితే పురుగులు చస్తాయి. కిటికీకి దోమల వల కొట్టించి పగలంతా తెరవాలి. చీపురుతో దులిపే బదులు తడిగుడ్డ. దులిపే పని ఇంకొకరు చేస్తే మరీ మంచిది, ఆ పని ఆమె భర్త తీసుకున్నారు. పరుపుని పారేయలేదు, పాలిథిన్ షీటులో చుట్టి అటక మీద పెట్టారు.

చుక్కలు పూర్తిగా మానేసిన ఆరు వారాలకి గీత మీద చుక్క మూడు దగ్గర పెట్టింది. ఆ మూడులో స్ప్రే వాటా ఎంత, చుక్కలు మానడం ఎంత, పరుపు ఎంత అని విడదీయలేను. అన్నీ దాదాపు ఒకేసారి మార్చాం. నా అంచనాలో పెద్ద వాటా చుక్కలు మానడానిది, సరిగ్గా కొట్టిన స్ప్రేది.

సెప్టెంబరులో మళ్ళీ ఆరు. బాగుంది కదా అని స్ప్రే ఆపేసింది, అదే నెలలో వానలు, గోడ చెమ్మ. ఈసారి చుక్కలు కొనలేదు, నేరుగా వచ్చింది. సీసా తెరిచి కొట్టుకుంటే చేతులు వాటంతటవే మారాయి. స్ప్రే మళ్ళీ మొదలుపెట్టిన మూడు వారాలకి సర్దుకుంది. దుమ్ము పురుగుల ఎలర్జీకి ఇమ్యునోథెరపీ, అంటే పడని పదార్థాన్నే కొద్దికొద్దిగా ఇచ్చి ఒంటికి అలవాటు చేసే చికిత్స గురించీ మాట్లాడుకున్నాం. కనీసం మూడేళ్ళు క్రమం తప్పకుండా వాడాలి, ఖర్చుంది. స్ప్రేతో అదుపులో ఉన్నంతవరకు ఇప్పుడే వద్దంది. నాకూ అదే సరైనదనిపించింది.

కిందటి నెల వచ్చినప్పుడు ఒక్కో రంధ్రంలో ఒకటే చొప్పున తగ్గించాం. షాపులో పని అలాగే ఉంది. వెంట పదకొండేళ్ళ పాపని తెచ్చింది. నేను తల్లితో మాట్లాడుతున్నంతసేపూ ఆ పాప అరచేత్తో ముక్కుని పైకి తోసుకుంటూనే ఉంది. ముక్కు మీద అడ్డంగా సన్నటి గీత పడింది. పాప పదేళ్ళుగా పడుకున్నదీ ఆ పరుపు మీదే. వారం పాటు ఏ జలుబు బిళ్లా వేయకుండా, ఇంట్లో పాపకి వాడుతున్నవన్నీ సంచీలో వేసుకుని రమ్మన్నాను.